ఇంటికి తపాలా కాటా: కవర్లకు ఒకటి, పెట్టెలకు ఒకటి

ఉత్తరాలు, పార్సిళ్లు ఇంట్లోనే తూచుకుందామని కాటా కొనబోయేవాళ్ల చూపు ముందుగా అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉన్న గరిష్ఠ బరువు మీద పడుతుంది. ఆ తర్వాత డిస్‌ప్లేలో ఎన్ని దశాంశ స్థానాలున్నాయో చూస్తారు. ఈ రెండే చూసి కొన్న కాటా సరిగ్గా అవసరమైన చోటే చేతులెత్తేస్తుంది. తపాలా ఛార్జీ మెట్లు మెట్లుగా పెరుగుతుంది మరి. చాలా దేశాల్లో ఉత్తరానికి మొదటి మెట్టు 20 గ్రాములు. ఔన్సుల్లో లెక్కించేచోట ఒక ఔన్సు, అంటే 28.35 గ్రాములు. 12 గ్రాముల కవరును కాటా 13 అని చూపినా మనకు పోయేదేమీ లేదు. 19.7 గ్రాముల కవరును 20.4 అని చూపితే మాత్రం స్టాంపులు దండగ. 20.4 గ్రాములది 19.7 అని చూపితే ఇంకా అధ్వాన్నం: కవరు తిరిగొస్తుంది, లేదా అందుకునేవాళ్లు తేడా కట్టుకోవాల్సి వస్తుంది. ఇంటి కాటాని మనం అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ కవరు గీతకు ఇవతలుందా, అవతలుందా?

ఈ ప్రశ్న పుట్టింది 1840లో. అంతకుముందు బ్రిటన్‌లో ఉత్తరానికి ఎన్ని కాగితాలున్నాయి, ఎంత దూరం వెళ్లాలి అని చూసి వసూలు చేసేవారు. రోలండ్ హిల్ సంస్కరణతో దేశంలో ఎక్కడికైనా అర ఔన్సు లోపు ఉత్తరానికి ఒక్క పెన్నీ అన్నారు. దాంతో ఇళ్లలో రాతబల్లల మీదికి చిన్న త్రాసులు చేరాయి. వాటిలో కొన్ని నమూనాలు ఇప్పటికీ డిజిటల్ వాటికి తీసిపోవు. ఎందుకో కింద చూద్దాం.

ముందు మీ మెట్లు రాసుకోండి

చదరపు మీటరుకు 80 గ్రాములుండే మామూలు ఎ4 కాగితం ఒక్కోటి దాదాపు 5 గ్రాములు తూగుతుంది. ఎ4 వైశాల్యం చదరపు మీటరులో పదహారో వంతు కాబట్టి ఈ లెక్క నోటితోనే చేసుకోవచ్చు. పొడవాటి మామూలు కవరు 4, 5 గ్రాములుంటుంది. రెండు కాగితాలు పెడితే బరువు 15 దగ్గరే ఆగుతుంది, తూచే పనే లేదు. నాలుగు పెడితే 20 దాటడం ఖాయం, అప్పుడూ తూచనక్కర్లేదు. చిక్కంతా మూడు కాగితాల దగ్గరే. కాగితాలు 15, కవరు 4 నుంచి 5, పైన జిగురు, స్టాంపులు. ఉత్తరాల కాటా కొనేది ఆ మూడు కాగితాల కవరు కోసమే.

ప్యాకెట్లకు మెట్లు కాస్త వెడల్పుగా ఉంటాయి: 100, 250, 500 గ్రాములు, అలా. అంతర్జాతీయ తపాలాలో ఉత్తరాల తరగతికి మామూలు హద్దు 2 కిలోలు. ఆపైన పార్సిలే, అక్కడ మెట్టు చాలాచోట్ల అర కిలో లేదా కిలో. గత కొన్ని నెలల్లో మీరు పంపినవి ఏయే గీతల దగ్గర పడ్డాయో ఒక కాగితం మీద రాసుకోండి. కొనాల్సిన కాటా ఏదో అక్కడే సగం తేలిపోతుంది.

ఒక్క గ్రాము కాటా ఉత్తరానికి ఎందుకు చాలదు

కాటా చూపగల అతి చిన్న తేడాను విభాగం అందాం. వంటింటి డిజిటల్ కాటాలకు ఇది సాధారణంగా 1 గ్రాము. అలాంటి కాటా మీద 20 అని కనిపిస్తే అసలు బరువు 19.5 నుంచి 20.5 దాకా ఏదైనా కావచ్చు. దానికి తోడు మామూలు కాటాలో మరో గ్రాము అటూ ఇటూ పొరపాటు ఉండటం సహజం. అంటే 18.5 నుంచి 21.5 దాకా ఏ కవరు పెట్టినా 20 అని చూపే అవకాశం ఉంది. గీత దగ్గర ఆ అంకెకు విలువే లేదు.

దుకాణాల్లో వాడే కాటాలకు అంతర్జాతీయ చట్టబద్ధ తూనికల సంస్థ ఆర్ 76 అనే సిఫార్సులో కొన్ని హద్దులు పెట్టింది. గ్రాము విభాగం ఉన్న మూడో తరగతి (మామూలు దుకాణపు స్థాయి) కాటాకు కనిష్ఠ బరువు 20 విభాగాలు. అంటే 20 గ్రాముల లోపు తూకాన్ని దాని మీద నమ్మకూడదన్నమాట. మన ఉత్తరం మెట్టు ఉన్నదే అక్కడ. అదే సిఫార్సు ప్రకారం మూడో తరగతి కాటాకు మొత్తం విభాగాలు 10,000 దాటకూడదు. ఇప్పుడు "3 కిలోలు, 0.1 గ్రాము" అని రాసి ఉన్న చవక కాటాని చూడండి: 30,000 విభాగాలు. అంకెలు కనిపిస్తాయి, కాదనం. కానీ 2 కిలోల పెట్టె తూచినప్పుడు చివరి అంకె అలంకారానికే. "30 కిలోలు, 1 గ్రాము" అన్నదీ ఇదే కోవ.

అందుకే అన్నిటికీ ఒకే కాటా అనే ఆలోచన మాకు నచ్చదు. 500 గ్రాముల గరిష్ఠంతో 0.1 గ్రాము చూపే చిన్నది ఒకటి, 5 కిలోల దాకా 1 గ్రాము చూపే పళ్లెం కాటా ఒకటి. ఈ రెండిటికీ విభాగాలు ఐదేసి వేలే. రెండూ తమ పని తాము నిజాయితీగా చేస్తాయి.

లోలకం కాటా: ఉత్తరాలకు మాత్రమే అయితే

పక్కకు వేలాడే ఒక బరువు, దానికి ఎదురుగా కవరు పెట్టే చిన్న తట్ట లేదా క్లిప్పు, వంపు తిరిగిన గీతల పలక, ముల్లు. ఇంతే దీని నిర్మాణం. స్ప్రింగు లేదు, బ్యాటరీ లేదు. కవరు బరువు ఒకవైపు లాగుతుంటే బరువుగుండు రెండోవైపు లాగుతుంది. రెండూ సరితూగిన చోట ముల్లు ఆగుతుంది.

పలక మీది గీతల్ని దగ్గరగా చూస్తే ఒక విశేషం తెలుస్తుంది. ముల్లు జరిగేకొద్దీ కవరు వైపు మీట పొట్టిదై, గుండు వైపు మీట పొడవవుతుంది. అందువల్ల గీతలు సమానంగా ఉండవు. 50 గ్రాములకు ముల్లు 60 డిగ్రీలు తిరిగేలా చేసిన సాదా లోలకం కాటాలో మొదటి 20 గ్రాములకే దాదాపు 35 డిగ్రీలు పోతాయి. చివరి 10 గ్రాములకు 6 డిగ్రీలు కూడా మిగలవు. అంటే మొదటి మెట్టు ఎక్కడుందో అక్కడే గీతలు ఎడంగా, స్పష్టంగా ఉంటాయి. ఉత్తరం తూచేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

ఇబ్బందులూ ఉన్నాయి. అడుగు సమతలంగా లేకపోతే సున్నా దగ్గరే ముల్లు తప్పుతుంది. కింద తిప్పే మర ఉన్నది తీసుకుంటే కవరు పెట్టకముందు ముల్లును సున్నాకు తెచ్చుకోవచ్చు. వేలికి తగిలించుకుని కవరును క్లిప్పుకు వేలాడదీసే రకం తనంతట తానే నిటారుగా నిలుస్తుంది, ఆ బెడద లేదు. కాకపోతే ముల్లు ఊగడం ఆగేదాకా ఓపిక పట్టాలి. చదివేటప్పుడు కన్ను ముల్లుకు ఎదురుగా ఉండాలి. పక్కనుంచి చూస్తే గ్రాము తేడా ఇట్టే వస్తుంది. ఇరుసు దగ్గర దుమ్ము చేరితే ముల్లు ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట ఆగుతుంది. మెత్తటి కుంచెతో దులపండి. నూనె మాత్రం వేయకండి, దుమ్ము ఇంకా పట్టుకుంటుంది.

నెలకు నాలుగైదు ఉత్తరాలు పంపే ఇంటికి మా ఓటు దీనికే. ఏడాది తర్వాత సొరుగులోంచి తీసినా పనిచేస్తుంది.

రెండు పళ్లేల త్రాసు, స్ప్రింగు కాటా

పళ్లేలు దండె మీద కూర్చుని ఉండే త్రాసుకు మూలం 1669లో ఫ్రెంచ్ గణితవేత్త రోబెర్వాల్ చూపించిన అమరిక. కింద ఇంకో దండె దాగి ఉంటుంది కాబట్టి పళ్లెంలో కవరు మధ్యన పెట్టినా, అంచున పెట్టినా తూకం మారదు. దీని సుగుణం ఏమిటంటే మన ప్రశ్నకు సూటిగా జవాబిస్తుంది. ఒకవైపు 20 గ్రాముల రాయి, ఇంకోవైపు కవరు. మొగ్గు ఎటుంటే జవాబు అటు. అంకె చదివే పనే లేదు. రాళ్లు పోగొట్టుకోకూడదు, ఇరుసులు శుభ్రంగా ఉండాలి, అంతే. అందానికి కొనే పాత త్రాసుల్లో రాళ్లు ఔన్సులవో గ్రాములవో చూసుకోండి.

స్ప్రింగు కాటా గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చవక, దృఢం. కానీ బరువు ఎక్కువసేపు ఉంచితే స్ప్రింగు సాగి, తీసేశాక ముల్లు వెంటనే సున్నాకు రాదు. ఏళ్లు గడిచేకొద్దీ మెతకబడుతుంది. 10 కిలోల పార్సిల్‌కు సరే, ఉత్తరానికి వద్దు.

డిజిటల్ కాటా: పళ్లెం, డిస్‌ప్లే చూసి కొనండి

పళ్లెం కింద మధ్యలో తొలిచిన ఒక అల్యూమినియం కడ్డీ ఉంటుంది. దాన్నే లోడ్ సెల్ అంటారు. బరువు పడితే అది కంటికి కనిపించనంత వంగుతుంది. దానికి అతికించిన సన్నటి రేకుల విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పే అంకెగా కనిపిస్తుంది. ఇంటి కాటాలన్నిటా లోపలి సరంజామా దాదాపు ఇదే. తేడా అంతా వాడుకలో తెలుస్తుంది.

అన్నిటికంటే పెద్ద లోపం: 35 సెంటీమీటర్ల అట్టపెట్టె పెట్టగానే డిస్‌ప్లే దాని కింద దాక్కోవడం. అంకె చూద్దామని పెట్టెను ఒక చేత్తో కాస్త ఎత్తితే తూకం తప్పు. వంగి నేలమీంచి చూస్తే నడుం నొప్పి. తీగతో విడిగా వచ్చే డిస్‌ప్లే ఉంటే ఈ గొడవ తీరుతుంది. పెట్టెలు తరచూ పంపేవాళ్లు ఇదొక్కటీ వదులుకోకండి. లేనివాళ్లకో ఉపాయం: పళ్లెం మీద లోతైన గిన్నెను బోర్లించి టేర్ నొక్కి సున్నా చేయండి, దాని మీద పెట్టె పెట్టండి. డిస్‌ప్లేకి, పెట్టెకి మధ్య సందు దొరుకుతుంది. గిన్నె, పెట్టె కలిపి గరిష్ఠ బరువు దాటకుండా చూసుకోండి.

ఆ గిన్నె వల్ల ఇంకో మేలు. పెద్ద పెట్టె అంచు కాటా చట్రానికి తగిలినా, పెద్ద కవరు కొస వంగి బల్లను తాకినా బరువులో కొంత అక్కడికి పోయి అంకె తగ్గుతుంది. ఇంటి తూకాల్లో తరచూ జరిగే పొరపాటు ఇదే. ఎ4 కవర్లను పళ్లెం మీద పడుకోబెట్టకుండా నిలబెట్టి తూచాలి. అందుకు గాడి ఉన్న కాటాలు వస్తాయి. లేకపోతే ఒక గ్లాసు పెట్టి టేర్ చేసి, కవరును కాస్త గుండ్రంగా చుట్టి అందులో నిలబెట్టండి. గొట్టాలు దొర్లకుండా కూడా ఇదే పద్ధతి.

రెండోది, కాటా తనంతట తాను ఆగిపోయే సమయం. నిమిషంలో ఆగిపోయేది విసిగిస్తుంది. గిన్నె పెట్టి టేర్ చేసి, టేపు వెతుక్కుని వచ్చేసరికి డిస్‌ప్లే ఖాళీ. మళ్లీ ఆన్ చేస్తే పళ్లెం మీద అప్పుడున్న బరువంతా సున్నాగా లెక్కేసుకుంటుంది. పెట్టె దానిమీదే ఉండగా ఆన్ చేస్తే సున్నా చూపడానికి, దాన్ని తీయగానే మైనస్ గుర్తుతో అంకె రావడానికి కారణం ఇదే. కాటా పాడవలేదు. రెండు మూడు నిమిషాలు ఆగేవీ, ఆగిపోవడాన్ని రద్దు చేసుకునే వీలున్నవీ మేలు.

బొత్తాల్లో టేర్, యూనిట్ పక్కపక్కన ఉండకుంటే బాగుంటుంది. పొరపాటున యూనిట్ తగిలితే గ్రాములు ఔన్సులైపోతాయి, 250 గ్రాముల ప్యాకెట్ 8.8 అని కనిపిస్తుంది. అంకె పక్కన యూనిట్ చిన్న అక్షరాల్లో ఉండే మోడళ్లలో ఇది వెంటనే తెలియదు. పెద్ద పెట్టెలకు హోల్డ్ ఉంటే మంచిది. పెట్టె తీశాక కూడా అంకె నిలిచి ఉంటుంది.

బ్యాటరీ విషయంలో మా మాట: బిళ్ల సెల్ కంటే ట్రిపుల్ ఎ సెల్స్ వేసేది తీసుకోండి. చార్జ్ తగ్గుతుంటే కొన్ని కాటాలు హెచ్చరిక చూపేలోపే అంకెలు అటూ ఇటూ ఆడిస్తాయి. నిలకడ పోతే ముందు సెల్స్ మార్చి చూడండి.

కొక్కెం కాటా, మనిషి బరువు కాటా

లగేజీకి వాడే కొక్కెం కాటా 10 కిలోలు దాటిన పార్సిళ్లకు అక్కరకొస్తుంది. విభాగం 10 నుంచి 50 గ్రాములు. పట్టీతో పెట్టెను కట్టి చేత్తో ఎత్తితే చెయ్యి వణికి అంకె నిలవదు. గట్టి కడ్డీకి తగిలించి తూచండి, పట్టీ బరువు తీసేయండి. మనిషి బరువు కాటాకు విభాగం సాధారణంగా 100 గ్రాములు. పెట్టె పట్టుకుని ఒకసారి, లేకుండా ఒకసారి ఎక్కి తేడా తీస్తే రెండు తూకాల పొరపాట్లు కలిసి 200 గ్రాములకు పైగా తేడా రావచ్చు. 20 కిలోల పరిమితికి 18 ఉందా లేదా చూసుకోవడానికి చాలు. అర కిలో మెట్లకు సరిపోదు.

కొన్న రోజే చేయాల్సిన పరీక్ష

పరీక్షకు తూకపు రాళ్లే కావాలని లేదు. ఎ4 కాగితాల కట్ట, 500 షీట్లది, దాదాపు 2.5 కిలోలు, పైన చుట్టిన కాగితం అదనం. కొలజాడీతో కొలిచిన లీటరు నీళ్లు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 998 గ్రాములు. ఇలాంటివి మోటుగా సరిచూడ్డానికి. సరిగ్గా కావాలంటే ఎం1 తరగతి (తూకపు రాళ్ల కచ్చితత్వంలో ఒక స్థాయి) 100 గ్రాముల రాయి ఒకటి కొనుక్కోండి. దానికి అనుమతించిన పొరపాటు 5 మిల్లీగ్రాములే. ఇంటి కాటాను ఆ రాయితో సరిచూస్తే చాలు.

కాటాను గట్టి బల్ల మీద పెట్టండి. పరుపు, తివాచీ, వంగే ప్లాస్టిక్ బల్ల వద్దు. ఫ్యాన్ ఆపండి. వెడల్పు పెట్టెకు గాలి తగిలితే అంకె ఊగుతుంది. ఒకే వస్తువును ఐదుసార్లు పెట్టి తీయండి, తేడా ఒక విభాగం దాటకూడదు. తీసిన ప్రతిసారీ సున్నాకు రావాలి. తర్వాత గరిష్ఠ బరువులో మూడో వంతు ఉన్న వస్తువును పళ్లెం నాలుగు మూలలా పెట్టి చూడండి. 5 కిలోల కాటాలో మూలకూ మూలకూ 3, 4 గ్రాములు తేడా వస్తే తిరిగి ఇచ్చేయడమే మంచిది.

చివరగా ఒక చిన్న కాగితం ముక్క పరీక్ష. కాటా సున్నా చూపుతుండగా అర గ్రాము ముక్కలు ఒక్కొక్కటిగా నెమ్మదిగా వేయండి. ఎ4 కాగితాన్ని పది సమాన ముక్కలు చేస్తే ఒక్కోటి అర గ్రాము. చాలా వంటింటి కాటాలు వీటిని మింగేస్తాయి. సున్నా చుట్టూ వచ్చే చిన్న మార్పుల్ని వేడి వల్ల వచ్చిన కదలికగా భావించి మళ్లీ సున్నా చేసుకునేలా వాటిని తయారుచేశారు. నాలుగు ముక్కలయ్యాక కూడా సున్నాయే చూపిస్తే మీదీ ఆ రకమే. అలాంటి దాని మీద ఉత్తరాన్ని కాగితం కాగితంగా పేర్చకుండా అంతా కలిపి ఒక్కసారి పెట్టండి. ఒకేలాంటి కవర్లు ఎక్కువ పంపుతుంటే పది కలిపి తూచి పదితో భాగించండి. గ్రాము కాటాతోనే గ్రాములో పదో వంతు దాకా అంచనా దొరుకుతుంది.

అంకె ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో తప్పుతుంటే కారణం కాటా కాకపోవచ్చు. స్ప్రింగు, లోడ్ సెల్ కొలిచేది భూమి లాగే బలాన్ని. ఆ బలం భూమధ్యరేఖ దగ్గర కంటే ధ్రువాల దగ్గర అర శాతం ఎక్కువ, కిలోకు 5 గ్రాములన్నమాట. ఒకచోట సరిచేసి ఇంకెక్కడికో పంపిన కాటాలో 2 కిలోల దగ్గర ఈ తేడా కనిపిస్తుంది. క్యాలిబ్రేషన్ సదుపాయం ఉన్న కాటా అయితే మీ ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. అరగంట ముందు గదిలో ఉంచి, మాన్యువల్‌లో చెప్పిన బొత్తాన్ని నొక్కిపట్టి, డిస్‌ప్లే అడిగిన బరువునే పెట్టాలి. అడిగింది 2000 అయితే నీళ్ల సీసాతో సరిపెట్టకండి, ఆ తప్పు శాశ్వతంగా లోపల కూర్చుంటుంది. త్రాసుకు, లోలకానికి ఈ బాధ లేదు, బరువును బరువుతోనే పోలుస్తాయి కాబట్టి.

తూకం సరిగ్గా ఉన్నా ఛార్జీ తప్పేచోట

టేపు, చిరునామా కాగితం, లోపలి బుడగల కవరు అన్నీ పెట్టి మూసేశాకే తూచండి. చిరునామా కోసం అతికించే ఎ4 కాగితమే 5 గ్రాములు. అట్టపెట్టె తేమ పీల్చుకుంటుంది. ముసురు పట్టిన రోజున ఖాళీ పెట్టె కొన్ని శాతం బరువెక్కడం మామూలే. అందుకే గీతకు రెండు విభాగాల లోపు వచ్చిన ఏ తూకాన్నైనా గీత దాటినట్టే లెక్కేసుకోండి, లేదా ఒక కాగితం తీసేయండి. చివరి మాట ఎటూ కౌంటర్ మీది కాటాదే.

విమానంలో వెళ్లే కొరియర్ పార్సిళ్లకు కాటాతో పాటు టేపుకొలత కావాలి. పెట్టె ఆక్రమించే చోటును కిలోల్లోకి మార్చడానికి పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం చాలా ఎక్స్‌ప్రెస్ సంస్థల పద్ధతి. 40, 30, 20 పెట్టె అయితే 4.8 కిలోలు. లోపల దూది పెట్టి 2 కిలోలే తూగినా ఛార్జీ 4.8కే పడుతుంది. అలాంటి పెట్టెకు గ్రాముల కాటా కంటే కత్తెర, చిన్న పెట్టె ఎక్కువ ఉపయోగం.

దాచేటప్పుడు డిజిటల్ కాటాను పళ్లెం మీద ఏ వస్తువూ లేకుండా పెట్టండి. పుస్తకాల కింద నెలల తరబడి ఉంటే లోడ్ సెల్ వంపు అలాగే నిలిచిపోతుంది. 500 గ్రాముల చిన్న కాటాకైతే బొటనవేలితో గట్టిగా నొక్కినా ప్రమాదమే, ఆ ఒత్తిడి కొన్ని కిలోలకు సమానం. మూత ఉన్నది కొనండి, మూత వేసే ఉంచండి. ఎక్కువకాలం వాడకపోతే సెల్స్ తీసేయండి.